వారానికో ఎపిసోడ్: శ్రీకాకుళం, విజయనగరం సైన్స్ ఫిక్షన్ అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండు జిల్లాల్లో సైన్స్ ఫిక్షన్ షోలని వచ్చిన వారమే చూసి, మర్నాడు వాటి మీద కొట్టుకునే జనం ఉన్నారు. ఎచ్చెర్ల హాస్టల్ కుర్రాళ్లు, బొబ్బిలి బ్యాంకు ఉద్యోగులు, గంటస్తంభం దగ్గర మందుల షాపులో కూర్చునే మనిషి, రిటైరైన ఫిజిక్స్ మేష్టారు. కొత్తగా మాతో చేరేవాళ్లు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాం. ఏ షో ఏ యాప్‌లో ఉందన్నది తరచూ మారిపోతుంది, అంచేత ఆ జాబితా ఇక్కడ ఉండదు. అభిప్రాయాలు మాత్రం ఉంటాయి.

సీజన్ మొత్తం వచ్చాక ఒకేసారి చూసేయొచ్చు కదా, ఈ వారం వారం గోలెందుకు?

చూసేయొచ్చు. కొన్ని షోలు అలాగే చూడాలి కూడా, వాటి సంగతి కింద ఉంది. కానీ వారం వారం వచ్చే కథ తెర మీద ఒక గంట నడిస్తే, మిగిలిన ఆరు రోజులూ మన నోళ్లలో నడుస్తుంది. స్వాతి, ఆంధ్రభూమి వారపత్రికల్లో సీరియల్స్ చదివిన తరానికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సశేషం అని పడగానే పత్రిక మూసేసి, హీరోయిన్ బతుకుతుందా లేదా అని పక్కింటివాళ్లతో వాదించుకుని, మళ్లీ పత్రిక వచ్చే రోజుకి బడ్డీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లే వాళ్లంతా. మేం చేస్తున్నదీ అదే పని, కాకపోతే కథలో అంతరిక్ష నౌక ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తాం. 'సెవరెన్స్'లో ఉద్యోగుల బుర్రలో ఒక చిప్ పెడతారు. ఆఫీసులో ఉన్నంతసేపు బయటి జీవితం గుర్తుండదు, బయటికొచ్చాక ఆఫీసు గుర్తుండదు. రెండో సీజన్ 2025 జనవరి 17 నుంచి మార్చి 21 దాకా పది శుక్రవారాలు వచ్చింది. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక పాత్ర మీద అనుమానం మొదలవుతుంది: ఈ మనిషి నిజంగా తను చెప్పుకుంటున్న మనిషేనా? జవాబు నాలుగో ఎపిసోడ్‌లో దొరుకుతుంది. ఒక్క రాత్రిలో చూసేసేవాళ్లకి ఆ అనుమానం రెండు మూడు గంటలుంటుంది. మాకు మూడు వారాలుంది. ఆ మూడు వారాల్లో నడక చూశాం, చూపు చూశాం, కంప్యూటర్ దగ్గర చేతులు ఎక్కడ పెట్టిందో చూశాం. సగం మంది అవునన్నారు, సగం మంది మీకు అనుమానం జబ్బు అన్నారు. దర్శకుడు కావాలనే వదిలిన ఆనవాళ్లు ఏరుకోడానికి తీరిక కావాలి. వారం గ్యాప్ ఆ తీరికని ఇస్తుంది. ఒకదాని వెనక ఒకటి ఆడించేస్తే అవి కళ్ల ముందు నుంచే జారిపోతాయి.

అమెరికాలో వచ్చాక మనకి ఎన్నాళ్లకి వస్తుంది?

చాలా షోలకి ఎన్నాళ్లో అక్కర్లేదు, అదే నిమిషానికి వస్తాయి. లెక్క ఒకసారి బుర్రకెక్కించుకుంటే చాలు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 గంటలంటే మనకి మర్నాటి ఉదయం 6:30. అక్కడ శీతాకాలపు టైమ్ నడుస్తుంటే 7:30. అంటే న్యూయార్కులో ఆదివారం రాత్రి భోజనాలయ్యాక 'ది లాస్ట్ ఆఫ్ అస్' పెట్టుకునేవాళ్లూ, సోమవారం పొద్దున్న ఉప్మా ప్లేటు పట్టుకుని టీవీ ముందు కూర్చునే మనమూ చూసేది ఒకే ఘడియలో. కాలిఫోర్నియా అర్ధరాత్రికి విడుదలయ్యేవి మనకి మధ్యాహ్నం 12:30కో 1:30కో దిగుతాయి. 'స్ట్రేంజర్ థింగ్స్' ఆఖరి ఎపిసోడ్ అమెరికాలో 2025 డిసెంబరు 31 సాయంత్రం వచ్చింది. ఇక్కడ 2026 జనవరి 1 ఉదయం 6:30, వీధిలో ఆడవాళ్లు కొత్త సంవత్సరం ముగ్గులకి రంగులద్దుతున్న వేళ.

ఆ గంట తేడా ఎక్కడిదంటే, వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం. ఏటా మార్చిలో ఎవరో ఒకరు పాత లెక్కన 7:30కి తీరిగ్గా వచ్చి, అప్పటికే చూసేసినవాళ్ల మాటలు చెవిన పడి గగ్గోలు పెడతారు. బ్రిటన్ వాళ్లు తిప్పేది మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారాల్లో. బ్రిటన్ షో 'డాక్టర్ హూ' అభిమానులు ఇది వేరేగా గుర్తు పెట్టుకోవాలి.

ఏవి వారం వారం చూడాలి, ఏవి ఆగి చూడాలి?

దీని మీద మాలో మాకే పడదు. ఇక్కడ రాస్తున్నది ఎక్కువమంది మాట.

మిస్టరీ ఉన్నవి వారం వారం చూడండి. సెవరెన్స్, 'సైలో', 'ప్లూరిబస్' ఈ కోవలోవి. సైలోలో జనం భూమి లోపల నూట నలభై పైచిలుకు అంతస్తుల్లో బతుకుతుంటారు. బయట ఏముందో ఎవరికీ తెలీదు, అడగడం కూడా నేరమే. ప్రతి శుక్రవారం ఒక తలుపు తెరుచుకుంటే ఇంకో రెండు మూసుకుపోతాయి. ఇలాంటి కథని గబగబా మింగేస్తే రుచి తెలీదు.

స్టార్ వార్స్ లోకంలో నడిచే 'ఆండోర్' వేరే రకం. దాన్ని దాదాపుగా మూడేసి ఎపిసోడ్ల కథలుగా కట్టారు. 2022లో మొదటి సీజన్ తొలిరోజు మూడు ఇచ్చి తర్వాత వారానికొకటి ఇచ్చారు. కొన్ని వారాలు "ఏమీ జరగలేదేంట్రా" అనిపించింది, ఎందుకంటే మనం చూసింది కథలో నడిమి ముక్క. 2025లో రెండో సీజన్‌కి వాళ్లే తేరుకుని వారానికి మూడు చొప్పున నాలుగు వారాల్లో ముగించారు. ఇప్పుడు కొత్తగా మొదలెట్టేవాళ్లకి మా సలహా: రెండు సీజన్లూ వారానికి మూడు చొప్పునే చూడండి, ఎవరు ఏ పద్ధతిలో ఇచ్చినా సరే.

'ఫౌండేషన్' వారం వారం చూడటం కష్టం. కథ వందల ఏళ్లు దూకుతుంది, చక్రవర్తి ఒక్కడే ముగ్గురుగా ఉంటాడు, పేర్లు గుర్తుండవు. నోటుపుస్తకం ఉంటే చూడండి, లేకపోతే సీజన్ అయ్యాక చూడండి. '3 బాడీ ప్రాబ్లమ్' ఎనిమిది ఎపిసోడ్లూ 2024 మార్చి 21న ఒక్కసారే పడేశారు కాబట్టి ఎంపిక మనకి వదల్లేదు. అయినా రోజుకొకటి మించొద్దు. 'బ్లాక్ మిర్రర్'లో ఏ కథకా కథే. వరుసగా రెండు చూస్తే ఆ రాత్రి ఫోన్ ముట్టబుద్ధి కాదు, వారానికి ఒకటి చాలు.

ఇన్ని యాప్‌లకి డబ్బులెక్కడివి?

అన్నీ ఒకేసారి కట్టకండి. వారం వారం ఇవ్వడంలో కంపెనీల లెక్క కూడా ఉందని దాచడం ఎందుకు? పది ఎపిసోడ్ల సీజన్ ఒకేసారి వస్తే ఒక్క నెల కట్టి చూసేసి మానేస్తాం. పది వారాలు సాగితే మూడు నెలలు కడతాం. ఆపిల్ వాళ్ల సర్వీసు 2019లో మన దేశానికి వచ్చినప్పుడు నెలకి 99 రూపాయలు. ఆ లెక్కన సీజన్ ఖరీదు 99 కాదు, 297. చేతిలో డబ్బు తక్కువున్న కుర్రాళ్లకి ఏడాదికి ఒకటో రెండో షోలు ఎంచుకుని వాటినే వారం వారం చూడమంటాం, మిగతావి సీజన్ ముగిశాక ఒక నెల కట్టి లాగించేయొచ్చు. సీజన్ అవగానే ఆటో పే ఆపడం మర్చిపోవద్దు.

రోజుకి ఒకటిన్నర జీబీ డేటాతో సరిపోతుందా?

సాధారణ క్వాలిటీలో సరిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం గంటకి మామూలు క్వాలిటీలో 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా అవుతుంది. ఫోన్ తెర మీద హెచ్‌డీ లేకపోయినా లోకం మునిగిపోదు. రాత్రి పడుకునే ముందు మిగిలిపోయిన డేటాతో డౌన్‌లోడ్ పెట్టుకునే అలవాటు మంచిది. విశాఖ రైల్లో వెళ్లొచ్చేవాళ్లంతా చేసేది అదే. దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, డౌన్‌లోడ్ చేసుకున్న ఎపిసోడ్ మాత్రం ఆగదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. పక్క సీటు పెద్దాయనకి లేజర్ తుపాకుల మోత అక్కర్లేదు.

తుపాను సీజన్‌లో ఎలా?

హెచ్చరిక వచ్చిన రోజే డౌన్‌లోడ్ చేసి, పవర్ బ్యాంకు చార్జింగు పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మన తీరానికి ఎప్పుడు ఏదొస్తుందో తెలీదు, పెద్ద షోలు కూడా సరిగ్గా అప్పుడే మొదలవుతాయి.

అయితే ఒక మాట. 2018లో డాక్టర్ హూ కొత్త సీజన్ అక్టోబరు 7న మొదలైంది, డాక్టర్ పాత్రలో తొలిసారిగా ఒక మహిళ. అదే నెల 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయాయి, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. 14న రెండో ఎపిసోడ్ వచ్చింది. అలాంటి వారం షో గురించి ఎవరూ అడగరు, అడగకూడదు. అడగాల్సింది ఇంటి పైకప్పు ఉందా, తాగడానికి నీళ్లున్నాయా అని.

ఇంగ్లీషు అంత బాగా రాదు. చూడగలనా?

చూడగలరు. కొన్ని పెద్ద షోలకి తెలుగు ఆడియో ఉంది. స్ట్రేంజర్ థింగ్స్, 'లోకి' అలా వచ్చినవే. షో పేజీలో భాషల పట్టీ చూసుకోండి. డబ్బింగ్‌లో మన యాస ఎలాగూ ఉండదు. గ్రహాంతరవాసి దిగొచ్చి "ఏటి సేస్తన్నావు బావా" అనే రోజు కోసం మేమూ ఎదురుచూస్తున్నాం.

తెలుగు లేని షోలకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లూ పెట్టుకునే చూస్తారు, ఎందుకంటే ఈ షోల్లో సగం పదాలు ఏ భాషలోనూ లేనివి. 'ది ఎక్స్‌పాన్స్'లో గ్రహశకలాల మీద పుట్టి పెరిగిన జనానికి ఒక ప్రత్యేకమైన భాషే కట్టారు, నిక్ ఫార్మర్ అనే భాషావేత్త చేత. ఎన్నో భాషలు కలిసిపోయిన కూలీల మాట అది. మొదట్లో ఎవరికీ అర్థం కాదు, అమెరికా వాళ్లకి కూడా. రెండో సీజన్‌కొచ్చేసరికి మన కుర్రాళ్లు క్యాంటీన్‌లో దోస్తుని "బెరాట్నా" (ఆ భాషలో సోదరుడు) అని పిలవడం మొదలెడతారు.

స్పాయిలర్ల విషయంలో మీ పద్ధతేంటి?

ఎపిసోడ్ మనకి పొద్దున్నే వస్తుంది, దాంతోనే తంటా. కాలేజీ కుర్రాళ్లు క్లాసుకి ముందే చూసేస్తారు. ఆర్టీసీ డ్యూటీలో ఉన్నవాళ్లకీ, టీచర్లకీ, ఇంటి పని చూసుకునే ఆడవాళ్లకీ రాత్రి దాకా తీరదు. అందుకని శుక్రవారం వచ్చే షో గురించి ఆదివారం సాయంత్రం దాకా వాట్సాప్ గ్రూపులో మాట్లాడకూడదని పెట్టుకున్నాం. ఆగలేనివాళ్లు ఫోన్ చేసుకుని మాట్లాడుకోవచ్చు.

కథ చెప్పేయడం ఒక్కటే స్పాయిలర్ కాదు. "నేనేం చెప్పను గానీ, ఆఖరి పది నిమిషాలు మాత్రం..." అనడం కూడా స్పాయిలరే. ఆ మాట విన్నవాడు మొదటి నలభై నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుంటాడు. ఏడుపు బొమ్మ ఒక్కటి పెట్టినా ఎవరో పోయారని అర్థమైపోతుంది. "చూశాను" అని రాయండి, అక్కడితో ఆపండి. యూట్యూబ్ సంగతి సరేసరి, వీడియో తెరవకుండానే దాని మీది బొమ్మ కథంతా చెప్పేస్తుంది. చూసేదాకా అటు పోకండి.

పాత షోలకి ఈ పద్ధతి ఎంతకాలం? మా మేష్టారు "1966 నాటిదానికి ఇంకా స్పాయిలర్ ఏంటయ్యా" అంటారు. కానీ ఈ ఏడే మొదటిసారి 'స్టార్ ట్రెక్' చూస్తున్న డిగ్రీ అమ్మాయి ఉంది మాలో. ఆ అమ్మాయి ముందు మేష్టారు కూడా నోరు కట్టేసుకుంటారు.

రాత్రి ఏడు నుంచి పది దాకా టీవీ అమ్మ చేతిలో ఉంటుంది. ఏం చెయ్యను?

పోట్లాడకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. జ్ఞాపకం పోయిన మొగుడు, ఒకే మొహంతో ఇద్దరు మనుషులు, చనిపోయాడనుకున్నవాడు ఏళ్ల తర్వాత గుమ్మంలో ప్రత్యక్షం కావడం, ఇవన్నీ డైలీ సీరియల్ చూసేవాళ్లకి రోజువారీ వ్యవహారాలు. సెవరెన్స్ మొదటి ఎపిసోడ్ కుర్రాళ్లకి రెండుసార్లు చూస్తే గానీ అంతుపట్టలేదు. మాలో ఒకరి తల్లిగారు పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తూ చూసి, "అయితే లోపలోడికి పెళ్లాం సంగతి తెలీదన్నమాట, పాపం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆవిడ ఇప్పుడు వచ్చే శుక్రవారం ఎప్పుడని అడుగుతున్నారు.

మనం ఊహించేవి షో రచయితల దాకా వెళ్తాయా?

వెళ్లిన సందర్భం ఒకటుంది, దాంతో పెద్ద చిక్కే వచ్చింది. 'బాబిలాన్ 5' 1994 నుంచి 1998 దాకా నడిచింది. దాన్ని సృష్టించిన జె. మైఖేల్ స్ట్రజిన్‌స్కీ ఐదేళ్ల కథని ముందే అనుకుని మొదలెట్టాడు. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఆయన ఒక్కడే రాశాడు. ఆ రోజుల్లోనే ఇంటర్నెట్‌లో అభిమానులతో నేరుగా మాట్లాడేవాడు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, కథకి ఐడియాలు మాత్రం ఇవ్వొద్దని. ఎవరో ఒక అభిమాని నోరు జారి ఒక ఊహ రాసేశాడు. అది ఆయన అప్పటికే అనుకున్న ఎపిసోడ్‌కి దగ్గరగా ఉంది. రేపు నా కథ కాజేశారని దావా పడితే? ఆ ఎపిసోడ్ పక్కన పెట్టాల్సొచ్చింది. ఆ అభిమాని నాకేమీ అభ్యంతరం లేదని రాసిచ్చాకే తీశారు.

కాబట్టి ఊహించండి, వాదించండి, మీలో మీరే. ఎపిసోడ్‌కి ముందు ఊహని తేదీ వేసి రాసి పెట్టుకోవడం మా అలవాటు. లేకపోతే ఎపిసోడ్ అయ్యాక "నేను ముందే అనుకున్నా" అనేవాళ్లు ఎక్కువైపోతున్నారు.

మనకి నచ్చిన షో మధ్యలో ఆపేస్తే?

బాధపడటం తప్ప సాధారణంగా దారి లేదు. కానీ అభిమానులు గెలిచిన రోజులూ ఉన్నాయి.

స్టార్ ట్రెక్‌ని రెండో సీజన్‌తో ఆపేస్తారని మాట రాగానే బీజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ అనే దంపతులు దేశమంతా ఉత్తరాలు రాయించారు. షో వేసే ఎన్‌బీసీ ఛానల్ ఆఫీసుకి బస్తాలతో వచ్చి పడ్డాయి. చివరికి 1968 మార్చి 1న ఎపిసోడ్ అయిపోగానే, షో కొనసాగుతుందని టీవీలోనే చెప్పించారు. అయితే మూడో సీజన్‌ని శుక్రవారం రాత్రి పది గంటలకి నెట్టేశారు. కుర్రకారు ఇంట్లో ఉండని వేళ అది. 1969లో ఆపేశారు, మొత్తం 79 ఎపిసోడ్లతో. కానీ ఆ మూడో సీజన్ వల్లే మళ్లీ మళ్లీ ప్రసారం చెయ్యడానికి సరిపడా ఎపిసోడ్లు జమయ్యాయి. ఆ పునఃప్రసారాల్లోనే అసలు అభిమానులు పుట్టారు.

ది ఎక్స్‌పాన్స్‌ని మూడు సీజన్లయ్యాక 2018 మేలో సైఫై ఛానల్ వదిలేసింది. అభిమానులు చందాలేసుకుని, షోని కాపాడండి అన్న బ్యానర్ కట్టిన విమానాన్ని అమెజాన్ స్టూడియోస్ మీదుగా తిప్పించారు. ఆ నెలలోనే జెఫ్ బెజోస్ స్వయంగా షోని తీసుకుంటున్నట్టు చెప్పాడు. ఇంకో మూడు సీజన్లు వచ్చి 2022 జనవరిలో ముగిసింది.

ఓడిపోయిన కథ 'ఫైర్‌ఫ్లై'. 2002లో ఫాక్స్ ఛానల్ దాన్ని వరస తప్పించి ప్రసారం చేసింది. అన్నిటికంటే ముందు చూడాల్సిన ఎపిసోడ్‌ని ఆఖర్న వేశారు. తీసినవి 14 అయితే ఆ ఏడాది వేసినవి 11. ఇప్పుడు దొరికేది సరైన వరసలోనే, నిశ్చింతగా చూడొచ్చు. ముగింపు లేదని మాత్రం ముందే తెలుసుకోండి.

సీజన్‌కీ సీజన్‌కీ మధ్య మూడేళ్లా? ఇదేం న్యాయం?

న్యాయం కాదు. 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' రోజుల్లో ఏడాదికి దాదాపు 26 ఎపిసోడ్లు వచ్చేవి. 1990 జూన్‌లో కెప్టెన్ పికార్డ్ శత్రువుల చేతికి చిక్కి వాళ్లలో ఒకడైపోయిన దగ్గర సీజన్ ఆపితే, సెప్టెంబరులో మిగతా కథ చెప్పారు. ఆ మూడు నెలలే పెద్ద శిక్ష అనుకున్నారు అప్పటివాళ్లు. సెవరెన్స్ మొదటి సీజన్ 2022 ఏప్రిల్‌లో ముగిస్తే రెండోది 2025 జనవరిలో వచ్చింది. ఇప్పుడు ప్రతి ఎపిసోడ్‌నీ సినిమాలా తీస్తున్నారు, గ్రాఫిక్స్‌కే నెలలు పడుతుంది. పైగా 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు, నటులు 118 రోజులు సమ్మె చేశారు. సమ్మె న్యాయమైనదే, ఆ ఆలస్యం గురించి మేం సణగం. ఎనిమిది ఎపిసోడ్లకి మూడేళ్లు తీసుకునే మిగతావాళ్ల మీద మాత్రం సణుగుతాం.

ఇక్కడ ఇంతకుముందు ఎలా చూసేవారు?

1980ల్లో దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం స్టార్ ట్రెక్ వచ్చేది. వీధికి ఒకట్రెండు టీవీలు, మేడ మీద యాంటెన్నా తిప్పడానికి ఒక కుర్రాడు. అందులో స్పాక్ అనే పాత్ర చెవులు తప్ప ఏమీ అర్థమయ్యేది కాదని అప్పటివాళ్లే ఒప్పుకుంటారు. తర్వాత హిందీలో 'ఇంద్రధనుష్', 'స్పేస్ సిటీ సిగ్మా', 1998లో మిలింద్ సోమన్ వేసిన 'కెప్టెన్ వ్యోమ్' వచ్చాయి. మన ప్రాంతంలో హిందీ కూడా సబ్‌టైటిల్స్ లేని పరాయి భాషే. అయినా పిల్లలు చూశారు. తెలుగు ఛానళ్లు పుట్టి ఇన్నేళ్లైనా గ్రహాల మధ్య నడిచే సీరియల్ ఒక్కటీ జనం నోట నిలవలేదు. అత్తాకోడళ్ల మధ్య దూరం కాంతి సంవత్సరాల్లో కొలవాల్సిందే కాబట్టి అదే సైన్స్ ఫిక్షన్ అనుకోవాలేమో.

అభిమానుల అవసరం ఏంటో చెప్పే సంగతి డాక్టర్ హూ చరిత్రలో ఉంది. 1963 నవంబరు 23న ఆ షో మొదలైంది, కెనడీ హత్య జరిగిన మర్నాడు. వార్తల హడావిడిలో చాలామంది చూడలేదని, వారం తర్వాత రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిది మళ్లీ వేశారు. దాని దర్శకుడు వారిస్ హుసేన్ లక్నోలో పుట్టినవాడు. తర్వాతి కాలంలో బీబీసీ పాత టేపులు చెరిపేసి వాటి మీదే కొత్తవి రికార్డు చేసింది. 1960ల నాటి ఎపిసోడ్లు వందకి దగ్గరగా అలా పోయాయి. కానీ బొమ్మ పోయినవాటిలో ప్రతిదానికీ శబ్దం మాత్రం మిగిలింది. ఎలాగంటే, అప్పటి పిల్లలు వారం వారం టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వకుండా రికార్డు చేసుకున్నారు.

వీటిల్లో సైన్సు నిజమేనా?

షోని బట్టి. ది ఎక్స్‌పాన్స్ ఇంటర్ ఎంపీసీ పిల్లలకి పాఠంగా చెప్పొచ్చు. నౌక సగం దూరం వేగం పెంచుకుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి మిగతా సగం వేగం తగ్గించుకుంటూ చేరుతుంది. భూమి నుంచి అంగారకుడికి మాట చేరడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది కాబట్టి ఫోన్‌లో పోట్లాడుకోలేరు, వీడియో సందేశాలు పంపుకోవాలి. తిరుగుతున్న సెరెస్ అనే గ్రహశకలం లోపల గ్లాసులోకి పోసే మందు వంకరగా పడుతుంది. మేష్టారికి ఆ సెరెస్ దగ్గరే కోపం. భూమి గురుత్వంలో మూడు శాతం కూడా లేని ఆ గోళాన్ని మనుషులు నిలబడేంత వేగంగా తిప్పితే ముక్కలై ఎగిరిపోతుందంటారు. లెక్క ఆయనదే రైటు. కథ బాగుంది కాబట్టి క్షమించాం.

డాక్టర్ హూలో సైన్సు అడగొద్దు. ఫోన్ బూత్ అంత పెట్టె లోపలికి వెళ్తే బంగళా అంత ఉంటుంది. అది ఒప్పుకున్నాక ఇక ప్రశ్నలుండవు.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

2005 నుంచి వచ్చిన డాక్టర్ హూ ఎనిమిదేళ్లు దాటిన పిల్లలతో చూడొచ్చు, కొన్ని ఎపిసోడ్లు రాత్రి భయపెడతాయి. ఆండోర్ హైస్కూలు పిల్లలకి పర్లేదు. 'ఏలియన్: ఎర్త్', ది లాస్ట్ ఆఫ్ అస్, బ్లాక్ మిర్రర్ పిల్లలు పడుకున్నాక. ఎక్స్‌పాన్స్‌లో రక్తం కంటే బూతులెక్కువ.

టెలిగ్రామ్ లింకులు పెడతారా?

పెట్టం.

అందరూ కలిసి ఎక్కడ చూస్తారు?

ఎవరింట్లో వీలైతే వాళ్లింట్లో, సీజన్ మొదటి ఎపిసోడ్‌కీ ఆఖరిదానికీ. మధ్యవి ఎవరిళ్లలో వాళ్లు. కల్యాణ మండపం తీసుకుని ప్రొజెక్టర్ పెడదామని అప్పుడప్పుడు ఎవరో అంటారు. మనం కట్టేది ఇంట్లో చూసుకోవడానికే, జనాన్ని పిలిచి ఆడించడానికి కాదు. అంచేత వద్దు. వచ్చేవాళ్లు తినడానికి ఏదో ఒకటి తేవాలి. రాజాం నుంచి వచ్చేవాళ్లు ఆఖరి బస్సు టైమ్ చూసుకుని కూర్చోవాలి.

ఒక వారం తప్పిపోతే?

ఏం కాదు. విజయనగరంలో దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఆ వారం ఇంటి నిండా చుట్టాలు, రోడ్ల నిండా జనం. 2022లో సిరిమాను మర్నాడే ఆండోర్‌లో ఆ సీజన్‌కే పేరు తెచ్చిన దోపిడీ ఎపిసోడ్ వచ్చింది. విజయనగరం వాళ్లలో చాలామంది దాన్ని ఆ శని, ఆదివారాలకి గానీ చూడలేకపోయారు. సిక్కోలు వాళ్లు అన్ని రోజులూ నోరు విప్పలేదు. తప్పిపోయిన ఎపిసోడ్‌ని దాటేసి తర్వాతిది మాత్రం చూడకండి. ముందు జరిగిందేంటో రెండు నిమిషాల్లో చూపించే రీక్యాప్‌ని నమ్ముకోకండి. వారం మధ్యలో ఎప్పుడో ఒక రాత్రి తీరిక చేసుకుని పాతది చూసేసి, గ్రూపులో "అందుకున్నాను" అని ఒక్క ముక్క రాయండి. అప్పటిదాకా మీ దగ్గర ఎవరూ ఆ ఎపిసోడ్ మాటెత్తరు.